కిటికీ వైపు వత్తి

ఆ ఇంటికి అసలు ఇంటిపేరు ఒకటి ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు, ఎవరి నోటా వినపడదు. వీధి వీధంతా వాళ్ళని 'వత్తులవాళ్ళు' అనే అంటుంది. చేసేది అద్దాల పని. కిటికీలకీ బీరువాలకీ దుకాణాలకీ అద్దాలు కోసి బిగిస్తారు. న్యాయంగా 'అద్దాలవాళ్ళు' అనాలి. కానీ ఆ ఇంట్లో ఏ పని తలపెట్టినా ముందు దేవుడి గదిలో రెండు కొవ్వొత్తులు వెలగాలి. పేరు అందుకే అలా స్థిరపడిపోయింది.

ఆ పద్ధతి పోయిన పెద్దాయన పెట్టింది. ఒకప్పుడు ఆయన సొంత బుద్ధితో చేసిన పనేదో బెడిసికొట్టింది. జనం ముక్కున వేలేసుకున్నారు. ఇక జన్మలో తన బుద్ధి జోలికి పోనని ఒట్టేసుకుని, బరువంతా తీసుకెళ్ళి పైవాడి నెత్తిన పెట్టేశాడు. ఒకే పెట్టెలోంచి రెండు కొవ్వొత్తులు తీసి, చూపుడువేలంత పొడవుకి కోసి, రెండు ఇత్తడి స్టాండ్ల మీద నిలబెట్టేవాడు. ఎడమవైపుది 'సరే'. కుడివైపుది 'వద్దు'. రెంటినీ ఒకే పుల్లతో వెలిగించి, అడగాల్సింది పైకే అడిగేవాడు. ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు. ఏది చివరిదాకా వెలిగితే అదే దేవుడి మాట. దాని మీద ఇక అప్పీలు లేదు.

ఆయన పోయాక వెలిగించే పని కొడుక్కి వచ్చింది. స్టాండ్లు అవే, చోటు అదే, ఎడమా కుడీ అవే. ఒక్క వెంట్రుకవాసి కూడా మార్చలేదు.

దేవుడు ఎందుకోగానీ ఆ ఇంటి విషయంలో చేతిని బాగా బిగించేవాడు. అడిగినవాటిలో చాలావరకు వద్దనేవాడు. రెండో దుకాణం వద్దన్నాడు. కొత్త వ్యాను వద్దన్నాడు. అమ్మ మోకాలికి ఆపరేషన్ వద్దన్నాడు. దాంతో ఆవిడ అప్పటినుంచీ గడప దాటాలన్నా గోడ పట్టుకునే దాటుతోంది, మెట్లన్న మాటే ఎత్తదు. ఇక ఇంటి ఆడపిల్ల పెళ్ళి సంగతి. గాజు పెట్టెలు తెచ్చే లారీ డ్రైవరొకడు నిదానస్తుడు, నవ్వుమొహం వాడు. పెట్టె దించేటప్పుడు 'అమ్మాయిగారూ, మీ చెయ్యి జాగ్రత్త' అనేవాడు, అందరి ముందూ అనేవాడు. అతను వచ్చి పిల్లనడిగాడు. వత్తి పెట్టారు. దేవుడు వద్దన్నాడు. ఆ పిల్ల తల దించుకుని లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది. అతను కొన్నాళ్ళు చూసి, వేరే దారిలో లారీ తోలుకోవడం మొదలుపెట్టాడు.

ఆ పిల్లే ఇప్పుడు అద్దాలక్క. నలభై దాటింది. వీధిలో పిల్లా పెద్దా అందరికీ అక్కే. అన్నయ్యతో సమానంగా దుకాణంలో గాజు కోస్తుంది, నిచ్చెనెక్కి బిగిస్తుంది. చేతి నిండా సన్నటి తెల్లటి గాట్లు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ పేరు ఎంత తప్పో తెలియడానికి ఊరికి ఇన్నేళ్ళు పట్టింది.

సంగతి పిల్లల హోమ్‌లో మొదలైంది. భోజనాల హాల్లో కిటికీ అద్దం పగిలిందంటే కొలత తీసుకోవడానికి అక్క వెళ్ళింది. నేల మీద దుప్పటి పరిచి, గాజుపలక మీద ఒక్క గీత గీసి, కింద చిన్న పుల్ల పెట్టి రెండు చేతులతో నొక్కింది. టక్కుమని పలక రెండైంది. వెనకనుంచి ఒక గొంతు వినపడింది.

"దాన్ని పగలకుండా ఎలా పగలగొట్టావు?"

తిరిగి చూస్తే అయిదేళ్ళ బుడ్డది. బూట్లు తారుమారుగా తొడుక్కుంది. జవాబు చెప్పేదాకా కదిలేలా లేదు. అక్క ఇరవై ఏళ్ళుగా గాజు కోస్తోంది, అంత సరైన ప్రశ్న ఎవరూ అడగలేదు. గీత ఎటు వెళ్తే గాజు అటే విరుగుతుందని చెప్పింది. మిగిలిన ముక్క అంచులు రాయి మీద నున్నగా అరగదీసి చేతికిచ్చింది. బుడ్డది ఆ ముక్కలోంచి హాలంతా చూసింది, అక్కనీ చూసింది. వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చి, ఇంకో అద్దం పగిలితే మళ్ళీ వస్తావా అని అడిగింది. పై వారమే ఇంకో అద్దం పగిలింది. పగిలిందో, పగలగొట్టారో హోమ్‌లో ఎవరూ తేల్చలేదు. అక్కకి మాత్రం తేలింది. దారి పొడుగునా తనలో తను నవ్వుకుంటూ వెళ్ళింది.

హోమ్ మేడమ్ ఆ పిల్ల సంగతంతా చెప్పింది. ముందొకసారి ఒక జంట పెంచుకుంటామని తీసుకెళ్ళారట. చీకటంటే ఆ పిల్లకి ప్రాణభయం. లైటు తీస్తే ఒళ్ళంతా బిగదీసుకుని ఏడుస్తుంది. వాళ్ళకి నిద్రలు కరువయ్యాయట. నచ్చని సామాను దుకాణానికి తిరిగిచ్చినట్టు తెచ్చి ఇచ్చేసి పోయారు. అప్పటినుంచీ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ మాట వినగానే మొహం చాటేస్తున్నారు. ఆరేళ్ళు రాబోతున్నాయి కాబట్టి ఇక ఇక్కడ ఉంచరు, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద హోమ్‌కి పంపేస్తారు. ఆ పిల్లని తనే పెంచుకుంటానని అక్క అప్పటికే కాగితాలు పెట్టుకుంది, మాట్లాడాల్సినవాళ్ళు మాట్లాడారు. మిగిలింది ఆమె చివరి మాటే. శుక్రవారం లోపల చెప్పాలి. చెప్పకపోతే బండి ఎక్కించేస్తారు.

ఆ మాట ఇంట్లో చెప్పగానే అన్నయ్య అదిరీ పడలేదు, బెదిరీ పోలేదు. గడ్డం గోక్కుని, సరే, వత్తి పెడదాం అన్నాడు. అక్కా కాదనలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగింది కదా. అడిగితే దేవుడు ఈసారైనా ఔనంటాడని ఏ మూలో ఆశ.

సోమవారం సాయంత్రం మబ్బు పట్టి, బయట గాలి లేచింది. దేవుడి గది చిన్నది. ఎదురుగా అరుగు, దాని మీద రెండు స్టాండ్లు. ఎడమ స్టాండు పైన కిటికీ. కుడి స్టాండుకి పక్కన పుస్తకాల బీరువా. అమ్మ కుర్చీలో, వదిన చాప మీద, అక్క గోడవారన. అన్నయ్య వెలిగించి, "దేవుడా, ఆ పిల్లని మా ఇంటికి తెచ్చుకోమంటావా?" అని అడిగాడు.

అక్క కళ్ళార్పలేదు. ఎడమ వత్తి మంట మొదటినుంచీ ఒక పక్కకి వాలి వణుకుతోంది. మైనం ఒక వైపే కరిగి బొటబొటా కారిపోతోంది. కుడిది మాత్రం నిటారుగా, తీరిగ్గా, దర్జాగా వెలుగుతోంది. అక్క మనసులోనే 'నిలబడు, నిలబడు' అని దాన్ని బతిమాలింది. అది వినలేదు. చిటపటమని, పొగ వదిలి, ఆరిపోయింది. కుడిది ఇంకా గోరంత మిగిలే ఉంది.

అన్నయ్య ఊపిరి వదిలాడు. అక్క అప్పుడు తల తిప్పి అతని మొహం చూసింది. చూడకపోయినా బాగుండేది. ఆ మొహంలో బాధ లేదు. తేలిక ఉంది. బరువు దిగిన కూలీ మొహంలో ఉండే తేలిక. వదిన ఏదో ఓదార్పు మాట అంది. అమ్మ మాత్రం మోకాలు రాసుకుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున అన్నయ్య దుకాణం తెరవడానికి వెళ్ళాక అక్క మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది. ఏడవడానికనే వెళ్ళింది. కూర్చుంది కూడా. కానీ ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపంలో మనిషికి కళ్ళు బాగా పనిచేస్తాయి కాబోలు, ఎదురుగా ఉన్న స్టాండ్లు ఇన్నేళ్ళకి మొదటిసారి సరిగ్గా కనపడ్డాయి.

ఆ స్టాండ్ల మీద కారిన మైనం ఎవరూ గీకరు. దేవుడి మాట పలికిన మైనమని దాన్ని ముట్టుకోవడానికే భయం. కుడి స్టాండు ఇంచుమించు శుభ్రంగానే ఉంది. ఎడమదానికి మాత్రం పొర మీద పొర పేరుకుని ముసలాడి గడ్డంలా వేలాడుతోంది. అదీ ఒక్క వైపే. కిటికీకి దూరంగా ఉన్న వైపే.

అక్క వేలు తడి చేసుకుని కిటికీ చెక్క దగ్గర పెట్టింది. వేలు చల్లబడింది. స్టూలెక్కి చూసింది. అద్దానికీ చెక్కకీ మధ్య కింది మూలలో, అద్దాన్ని పట్టి ఉంచే లప్పం ఎండి రాలిపోయింది. సన్నటి సందు. గోరు దూరేంత. బయట గాలి ఎంత వీస్తే అంతా ఆ సందులోంచి దూరి నేరుగా ఎడమ వత్తి మీదికి దిగుతోంది. కుడిదానికి బీరువా కాపు కాస్తోంది.

ఊళ్ళో ఎవరింట్లో కిటికీ ఈల వేసినా పరిగెత్తుకెళ్ళి లప్పం రాసే మనిషి. తన సొంత ఇంట్లో, నెత్తి మీద ఉన్న కిటికీ ఏనాడూ చూసుకోలేదు. అది నాన్న సొంత చేతులతో బిగించిన అద్దం కాబట్టి దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

స్టూలు మీద నిలబడే అక్క వెనక్కి లెక్క చూసుకుంది. అన్నయ్య పెళ్ళికి వత్తి పెట్టింది మండు వేసవిలో, ఆకు కదలని రోజున. దేవుడు సరేనన్నాడు. రెండో దుకాణం అడిగింది తుఫాను ముందు. వద్దన్నాడు. అమ్మ మోకాలు వానాకాలంలో. వద్దన్నాడు. తన పెళ్ళికి వత్తి పెట్టిన రోజు ఎలా ఉందో అక్కకి చెప్పేవాళ్ళు అక్కర్లేదు. వాకిట్లో ఆరేసిన బట్టలు గాలికి లేచి పక్కింటి గోడ మీద పడితే, వత్తి ఆరేదాకా ఎవరూ లేవకూడదు కాబట్టి, అన్నీ వానకి తడిసిపోయాయి.

ఆ మైనం గడ్డంలో ఏదో ఒక పొర తన పెళ్ళి. ఇంకో పొర అమ్మ మోకాలు. అన్నిటికంటే పైన, ఇంకా మెత్తగా, ఆ బుడ్డది.

అక్క స్టాండుని ఉన్నపళంగా చంకలో పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా దుకాణానికి నడిచింది. దారిలో పలకరించినవాళ్ళకి పలకలేదు. వత్తులవాళ్ళ స్టాండు వీధిలోకి రావడం అదే మొదలు. జనం గుమ్మాల్లోకి వచ్చి మరీ చూశారు.

అన్నయ్య పెద్ద బల్ల మీద గాజుపలక పరిచి కొలత పెడుతున్నాడు. అక్క స్టాండు తెచ్చి ఆ పలక పక్కన పెట్టింది. అతని మొహం పాలిపోయింది. దాన్నెందుకు కదిలించావు, నీకేమైనా మతి పోయిందా అన్నాడు. అక్క సందు సంగతి, గాలి సంగతి, గడ్డం సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతను స్టాండుని తిప్పి చూశాడు. అద్దాల పనివాడే కదా, అర్థం కాకపోవడానికి ఏం లేదు. అర్థమైందని అక్కకి కూడా తెలిసింది, అతని చెవులు ఎర్రబడ్డాయి. స్టాండుని బల్ల మీద పెట్టి అన్నాడు.

"గాలి మాత్రం ఎవరిది చెల్లాయ్? అదీ ఆయనదేగా."

మాట గట్టిదే. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగిపోయేవాళ్ళు.

"గాలి ఆయనదే. రాలిపోయిన లప్పం మనది," అంది అక్క. "మనం బాగుచేసుకోని కిటికీని ఆయన నోట్లో కుక్కి, ఆయన మాట్లాడాడంటున్నాం."

అన్నయ్యకి కోపం వచ్చింది. నాన్న పిచ్చివాడా, ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ పిచ్చివాళ్ళా అన్నాడు. రెండో దుకాణం పెట్టి ఉంటే మునిగిపోయేవాళ్ళమేమో, ఆ లారీవాడు తాగుబోతయ్యేవాడేమో, అమ్మకి ఆపరేషన్ వికటించేదేమో, నీకేం తెలుసు అని అడిగాడు. నాకు తెలియదు, నీకూ తెలియదు, తెలుసుకునే అవకాశం మనకెప్పుడూ రాలేదు అని అక్క జవాబిచ్చింది. గొంతు పెంచలేదు. పెంచకపోవడం వల్లే అతనికి ఇంకా మండింది. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత మెత్తబడి, తను చాలా న్యాయంగా మాట్లాడుతున్నాననుకుంటూ, ఒక దారి చూపించాడు.

"పోనీ, ఆ సందు మూసెయ్. రెండు స్టాండ్లూ నీ ఇష్టం వచ్చిన చోట పెట్టు. ఇవాళ సాయంత్రం మళ్ళీ వెలిగిద్దాం. ఏం వస్తే దానికి కట్టుబడతాను, పిల్లని నేనే ఎత్తుకొస్తాను."

అక్క క్షణం తడబడింది. నిజం చెప్పాలంటే, గట్టిగానే తడబడింది. గాలి లేకపోతే సరేననొచ్చు. అన్నయ్య ఒప్పుకుంటాడు, ఇల్లు నిలబడుతుంది, వీధి నోరు మూతబడుతుంది. కావాలంటే గెలిచేలా కూడా చెయ్యొచ్చు, ఇప్పుడు ఆమెకి కిటుకు తెలుసు. సందు మూయకుండా కుడి ఎడమలు మారిస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు.

అప్పుడు ఆమె కళ్ళు బల్ల మీది గాజుపలక మీద పడ్డాయి. అన్నయ్య అప్పటికే గీత గీసి ఉంచాడు. వెలుతురుకి సన్నటి వెండిదారంలా మెరుస్తోంది. ఇంకా విరవలేదు.

"ఈ గీత మీద ఇంకోసారి గీస్తావా?" అని అడిగింది.

అన్నయ్య తెల్లబోయాడు. గాజు పనిలో అడుగుపెట్టినవాళ్ళకి మొదటి రోజు నేర్పే పాఠమది. గీసిన గీత మీద రెండోసారి గీస్తే గాజు కోసే కత్తి చక్రం మొద్దుబారుతుంది, గాజు గీత వెంట విరగకుండా ఎటు పడితే అటు పగులుతుంది. నచ్చినా నచ్చకపోయినా ఒక్కసారే గియ్యాలి, గీశాక చేత్తో విరవాలి.

"గియ్యను," అన్నాడు.

"నేనూ గియ్యను. ఆ పిల్లని తెచ్చుకోవాలని నేను గీసేశాను అన్నయ్యా. ఎప్పుడు గీశానో కూడా తెలుసు. గేటు దగ్గర, ఇంకో అద్దం పగిలితే వస్తావా అని అది అడిగినప్పుడే. ఇంక వెలిగించేది లేదు. సరేనని వచ్చినా అక్కర్లేదు."

"అంటే దేవుణ్ని కూడా అడగవన్నమాట."

"అడుగుతాను. నీ అగ్గిపుల్లతో మాత్రం కాదు. నీకు దేవుడు అక్కర్లేదు అన్నయ్యా, నెపం కావాలి. ఏదైనా తేడా వస్తే 'నేను కాదు, ఆయనే చెప్పాడు' అనడానికి. ఈ పిల్ల విషయంలో ఏ తేడా వచ్చినా నాదే. ఎవరి మీదికీ నెట్టను."

అన్నయ్య పలక వైపు తిరిగాడు. దాని వైపే చూస్తూ, దేవుడు వద్దన్న పిల్ల ఆ ఇంటి గడప తొక్కడానికి తను ఒప్పుకోనన్నాడు. సరే, గడప నువ్వే ఉంచుకో అని అక్క స్టాండు తీసుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం ఆమె లప్పం ముద్ద అరచేతుల్లో మెదిపి, స్టూలెక్కింది. ఎండిన లప్పమంతా గీకేసి, సందు పొడుగునా కొత్తది నొక్కి, బొటనవేలితో నున్నగా దిద్దింది. గదంతా నూనె వాసన. వదిన గుమ్మంలోకి తొంగి చూసి వెళ్ళిపోయింది. పని అయ్యాక అక్క స్టూలు మీదే కూర్చుంది. దండం పెట్టలేదు. చేతుల నిండా లప్పం.

"చూడు," అంది పైకే. "ఇన్నేళ్ళూ మాకు అడగడం రాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీకు ఇష్టం లేకపోతే నాతోనే చెప్పు. నాకు చెవులున్నాయి. గాలితో వద్దు, మైనంతో వద్దు. ఆ పిల్ల నీదే కదా, చీకట్లో ఏడుస్తుంటే నీకూ వినపడే ఉంటుంది. నన్ను వెళ్ళొద్దంటావా?"

అడిగి ఊరుకుంది. కిటికీ ఈల వెయ్యలేదు. బయట చెట్టు కొమ్మలు గాలికి ఊగుతున్నాయి, లోపల మాత్రం ఒక నూలుపోగు కూడా కదల్లేదు. దేవుడు ఏమీ అనలేదు. అయితే వద్దని కూడా అనలేదు. తనకి బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆ గదిలోంచి 'వద్దు' వినకుండా బయటికి రావడం అక్కకి అదే మొదటిసారి. బుడ్డది గాజుముక్కలోంచి తనని చూసిన చూపు గుర్తొచ్చింది. ఇంక కూర్చోబుద్ధి కాలేదు. లేచి చేతులు కడుక్కుంది.

దుకాణం పైన ఒక గది ఉంది. పాత ఫ్రేములు, విరిగిన నిచ్చెనలు పడేసేవాళ్ళు. సగం దుకాణం అక్కదే కాబట్టి అన్నయ్య అడ్డం చెప్పలేకపోయాడు. మూడు రోజులూ పని అయ్యాక అవన్నీ కిందికి దించి, నేల కడిగి, రెండు మంచాలు వేసుకుంది. కిటికీకి కొత్త అద్దం తనే కోసి బిగించింది. దారినపోయే వాళ్ళు తలొక మాటా అన్నారు. దేవుడి మాట కాలదన్నిందన్నారు, పెళ్ళి లేని మనిషికి పిల్లేమిటన్నారు, నోరు లేని మనిషనుకున్నామే అన్నారు. అక్క నిచ్చెన మీదనుంచే 'అద్దం పగిలితే చెప్పండి, వస్తాను' అని జవాబిచ్చింది.

హోమ్ వాళ్ళు వచ్చి గది చూసుకుని వెళ్ళారు. శుక్రవారం పొద్దున మేడమ్ ఎదురుగా అక్క కూర్చుంది. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని మేడమ్ అడిగింది. ఒకరు ఒప్పుకోలేదు, ఒకరు మాట్లాడలేదు, నేను ఒప్పుకున్నాను అని అక్క ఉన్నమాట చెప్పింది. మేడమ్ కలం కింద పెట్టింది. ఇంకోసారి వెనక్కి తెస్తే ఆ పిల్ల తట్టుకోలేదని, పోనీ ఇంకో వారం ఆలోచించుకుంటారా అని మెత్తగానే అడిగింది.

"వెనక్కి తెచ్చే దారి నాకు తెలియదండీ," అంది అక్క. "కలం ఇలా ఇవ్వండి."

బుడ్డది తన సామానంతా ఒక సంచీలో పట్టుకుని వచ్చింది. బూట్లు ఈసారి సరిగ్గానే ఉన్నాయి. గాజుముక్క జేబులో ఉంది. గదిలోకి వచ్చాక మంచం చూసింది, కిటికీ చూసింది, అన్నిటికంటే ఎక్కువసేపు బల్బు చూసింది. సంచీ మాత్రం చేతిలోంచి వదల్లేదు. ఎందుకు వదల్లేదో అక్కకి తెలుసు. ఒకసారి ఇలాగే ఒక గదిలో దింపిన సంచీని మళ్ళీ సర్దుకున్న పిల్ల.

చీకటి పడుతుండగా వాన మొదలైంది. కరెంటు పోయింది. పోకేం చేస్తుంది, ఆ వీధిలో చినుకు పడితే పోతుంది. బుడ్డది ఏడవలేదు. కొయ్యబారిపోయింది. అక్క దగ్గరికి లాక్కుంటే ఒళ్ళంతా కట్టెలా ఉంది. దేవుడి మీద, కరెంటు వాళ్ళ మీద, తన మీద అక్కకి ఒకేసారి కోపం వచ్చింది. ఇన్ని ఆలోచించి, కొవ్వొత్తి ఒకటి తెచ్చుకోవాలని మాత్రం తోచలేదు. వత్తులవాళ్ళ ఆడపడుచు గదిలో ఒక్క వత్తి లేదు.

అప్పుడు బయట ఇనుప మెట్లు మోగాయి. ఒక మెట్టు. ఆగింది. ఇంకో మెట్టు. మళ్ళీ ఆగింది. అన్నయ్య అలా నడవడు, వదిన అసలే అలా నడవదు. అక్క తలుపు తీసేసరికి అమ్మ పై మెట్టు మీద కమ్మీ పట్టుకుని ఆయాసపడుతోంది. వానకి తడిసి ముద్దయింది. మోకాలు పాడైనప్పటినుంచీ ఆవిడ రెండు మెట్లు ఎక్కగా చూసినవాళ్ళు లేరు.

"అలా నిలబడి చూస్తావేంటే, చెయ్యి పట్టుకో," అంది అమ్మ.

లోపలికి వచ్చి మంచం మీద కూలబడి, కొంగు చాటునుంచి సంచీ తీసింది. అందులోంచి రెండు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, రెండు ఇత్తడి స్టాండ్లు వచ్చాయి. స్టాండ్లని చేత్తో తడిమితే ఎడమది ఏదో, కుడిది ఏదో తెలియలేదు. మైనం చుక్క కూడా లేదు.

"కత్తిపీట పెట్టి గడ్డం గీసేశాను," అంది. "పొద్దున్నించీ అదే పని. మీ అన్నయ్య వెతుక్కుంటాడు. వెతుక్కోనీ." కొంగు పిండుకుంటూ ఇంకో మాట అంది. "సోమవారం నన్ను మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఎవర్నీ అడగలేదు. నా మోకాలు, నాకే నొప్పి."

ఆ మాట ఎన్నేళ్ళుగా ఆవిడ నోటి చివర ఉందో అనుకుంది అక్క. అగ్గిపెట్టె అందుకుంది. కొవ్వొత్తులు కొయ్యలేదు, నిలువునా అలాగే నిలబెట్టింది. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి మంచం తలవైపున. రెండూ వెలిగాయి. గదిలో మనుషులు మళ్ళీ కనపడ్డారు. బుడ్డది ఒళ్ళు మెల్లగా వదులైంది. మంచం అంచుకి జరిగి, ముందు ఒక మంటనీ, తర్వాత రెండో మంటనీ పరీక్షగా చూసింది. జేబులోంచి గాజుముక్క తీసి అందులోంచి కూడా చూసింది. తర్వాత ముసలావిడ వైపు తిరిగింది. ఈవిణ్ని ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు, తనే తేల్చుకుంది.

"అమ్మమ్మా, ఏది ముందు ఆరిపోతుంది?"

అమ్మ రెండు మంటల వైపూ చూపు తిప్పింది. ఆవిడ జీవితమంతా ఆ ఒక్క ప్రశ్న ముందే కూర్చుంది. కూతురి మొహం వైపు చూసింది.

అక్క వంగి బుడ్డదాని చేతిలోంచి సంచీ తీసుకుంది. ఈసారి అది వదిలింది. సంచీని మంచం కిందికి, బాగా లోపలికి తోసింది.

"ఏది ఆరితే దాన్ని మళ్ళీ వెలిగిద్దాం," అంది.